అభిరుచి యెఱిగి యిచ్చు కానుక

మా యింట బీరువాలో పట్టుచీరల క్రింద ఎఱ్ఱని మకమలు అట్ట గల పెద్ద పుస్తక మొకటి కలదు. సంవత్సరమున కొకమాఱైనను దానిని వెలికి దీసి చూచుచుందును. చూచిన ప్రతిమాఱును నాకు సిగ్గు కలుగును. ఏదో యొక విద్యయందో వ్యాపకమునందో మనసు నిలిపినవారికి ఎట్టి కానుక లీయవలెనో, ఎట్టివి యీయరాదో చెప్పుటకు నాకు గల యర్హత యంతయు ఆ పుస్తకమునందే యున్నది. కావున ముందు దాని కథ మనవి చేసెదను.

నేను బడికి పోయి చదివినదానను గాను. చిన్ననాట తఱచు జ్వరము తగులుచుండుటచేత మా తాతగారు నన్ను తమ యొద్దనే కూర్చుండబెట్టుకొని అమరము, రఘువంశము, భారత భాగవతములు చెప్పిరి. ఆ చదువువలన నాకు పద్యమనిన ప్రాణమైనది గాని, లోకములో మనుష్యులు ఎన్నెన్ని విషయములపై ప్రాణము పెట్టుకొందురో తెలియలేదు. 2011వ సంవత్సరమున నాకు వివాహమైనది. మావారు సర్కారు బడిలో సాంఘికశాస్త్రము బోధించు నుపాధ్యాయులు. పెండ్లిచూపులనాడు మా తాతగారు, “అబ్బాయికి అలవాటు లేమైనా ఉన్నాయా?” యని గొంతు తగ్గించి యడుగగా, మా మామగారు నవ్వి, “ఒక్కటే ఉందండీ, తపాలాబిళ్ళలు పోగుచేస్తాడు” అనిరి. తాతగారు నిట్టూర్పు విడిచి తాంబూలములు పుచ్చుకొనిరి.

కాపురమునకు వచ్చిన పిమ్మట ఆ యలవాటు ఎంతటిదో చూచితిని. బడినుండి వచ్చి కాఫీ త్రాగి, ఆయన అటకపైనుండి ఒక బిస్కత్తుల డబ్బా దింపుదురు. అందు కాగితపు సంచులలో బిళ్ళలు. వానిని వ్రేళ్ళతో ముట్టరు. చిన్న చిమటాతో పట్టుకొందురు. కవరుపై నున్న బిళ్ళను పెఱుకరు; బిళ్ళ చుట్టును కాగితము కొంత విడిచి కత్తిరించి, గోరువెచ్చని నీటిలో నుంచి, బంక తనంత కరగి బిళ్ళ యూడివచ్చువఱకు కనిపెట్టుకొని యుండి, అద్దుడుకాగితముపై బోర్ల వేసి ఆరబెట్టుదురు. ఆ సమయమున నేను చిక్కుడుకాయలు తీయుచు ప్రక్కన కూర్చున్నచో నాకు కథలు చెప్పెడివారు. 1840లో ఇంగ్లండులో వెలసిన మొదటి బిళ్ళకు ఇప్పటి బిళ్ళలవలె అంచున పండ్లు లేవనియు, తపాలావారు దానిని కత్తెరతో కత్తిరించి యిచ్చెడివారనియు. మన దేశమున 1852లో సింధురాష్ట్రమున మొదటిబిళ్ళ పుట్టిన దనియు. నైజాము బిళ్ళలపై ఉర్దూ ఇంగ్లీషులతోబాటు మరాఠీ తెలుగక్షరములుకూడ నుండెడి వనియు. నేను వినుచునే యుంటిని. కాని వినుట వేఱు, ఎఱుగుట వేఱు. కత్తెర యన్నమాట మాత్రము నా మనసున నాటుకొన్నది.

ఆ డబ్బాలో ఒక బిళ్ళకు మాత్రము వేఱుగా ఒక సంచి యుండెడిది. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యము వచ్చి యేడాది నిండిననాడు, గాంధీమహాత్ముని పేర నాలుగు బిళ్ళలు వెలువడినవి: ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పండ్రెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులో అచ్చైనవట. వానిపై హిందీలోను, ఉర్దూలోను “బాపూ” యని యుండును. అందు ఒకటిన్నర అణాల బిళ్ళ మావారి తాతగారు తమకు వచ్చిన యుత్తరమునుండి తీసి దాచినది. అదియే ఆయన సేకరణమునకు మూలపుబిళ్ళ. ఎనిమిదవయేట తాతగారి చేతినుండి దానిని పుచ్చుకొనిరట.

ఇక నా ఘనకార్యము. ఆ సంవత్సరము కార్తికమాసమున మావారి పుట్టినరోజు వచ్చినది. అంతకు ముందు నాలుగుదినములు ఆయన శిక్షణకొఱకు జిల్లాకేంద్రమునకు పోయిరి. మా అమ్మ పసుపుకుంకుమల క్రింద నిచ్చిన సొమ్ము నాయొద్ద నుండెను. ఇంత యభిరుచి గల మనిషి పాతడబ్బాలో దాచుకొనుట యేమని జాలిపడి, బజారునకు పోయి యెనిమిదివందల యేబది రూపాయలు పెట్టి, మకమలు అట్టతో, బంగారురంగు మూలలతో, పెండ్లి ఛాయాచిత్రములు అంటించుకొనెడి పుస్తకము కొంటిని. మూడు మధ్యాహ్నములు తలుపు వేసికొని కూర్చుంటిని. బిళ్ళల నన్నిటిని దేశముల ప్రకారము గాక రంగుల ప్రకారము ముగ్గు తీర్చినట్లు తీర్చితిని: ఎఱ్ఱని వొకపుట, నీలపు వొకపుట, పచ్చని వొకపుట. అంచులు రంపపుపండ్లవలె వికారముగా నున్నవని తోచి, వంటిమీది బట్ట కుట్టుటకు వాడు కత్తెరతో ప్రతిబిళ్ళ యంచును నున్నగా సవరించితిని. తపాలాముద్రల మసి పోవునేమో యని తడిగుడ్డతో తుడిచికూడ చూచితిని. నా పుణ్యవశమున నది పోలేదు. పిదప వడ్రంగులు వాడెడి తెల్లజిగురుతో వానిని గట్టిగా అంటించితిని. గాంధీగారిని మొదటిపుట నడుమ నుంచి చుట్టును కుంకుమరంగు బిళ్ళలు పేర్చితిని.

పుట్టినరోజున స్నానము చేసి వచ్చిన మావారి చేత నా పుస్తకము పెట్టితిని. ఆయన మొదటిపుట తెఱచిరి. గాంధీబిళ్ళ యంచుపై వ్రేలు పెట్టి మెల్లగా చుట్టును రాచిరి. తక్కిన పుటలుకూడ ఒక్కటియు విడువక త్రిప్పిరి. త్రిప్పి మూసి, “చాలా శ్రమపడ్డావు” అనిరి.

ఆ మాటను నేను ప్రశంస యనుకొంటిని.

ఆ పిమ్మట డబ్బా అటకపైనుండి దిగలేదు. ఆయన సాయంకాలములందు వార్తాపత్రిక చదువుకొనుట యలవాటు చేసికొనిరి. సంసారమున పడి బాల్యచాపల్యములు వదలుకొనిరి గాబోలునని నేను లోలోన కొంత గర్వించితిని కూడ. సంక్రాంతికి మా మఱది వచ్చి, బీరువాలోని పుస్తకము తీసి చూచి, “అయ్యో వదినా, పళ్ళు కత్తిరించేశావేమిటి!” యని కేకవేసెను. మావారు వెంటనే “నువ్వు ఊరుకోరా” యని గద్దించిరి. ఆ గద్దింపుతో నాకు సర్వమును తెలిసినది. తక్కినది మఱది పెరటిలో నాకు వివరించినాడు. అంచుపండ్లే బిళ్ళకు ప్రాణమట. రెండు సెంటీమీటరుల పొడవున నెన్ని పండ్లున్నవో కొలిచి, ఒకే బొమ్మగల బిళ్ళలలో ఇది యే ముద్రణమునకు చెందినదో గుర్తింతురట. ఒక్కపన్ను విఱిగినను బిళ్ళ విలువ తగ్గునట. వెనుక జిగురు పూసిన చెప్పనే యక్కఱలేదట.

ఆ రాత్రి నేనేడ్చి, “నాకు చెప్పకపోయారేం?” అని యడిగితిని. “చెబితే బిళ్ళలు తిరిగొస్తాయా? నీ మనసుకూడా పాడవుతుంది. అంతే గదా” యనిరి. ఆయన కోపించి యున్నచో నాకింత బాధ యుండెడిది కాదు. మఱునాడు గోరువెచ్చని నీరు పెట్టి యొకపుటను నానవైచి చూచితిని. పాతకాలపు బంక నీటికి కరగును గాని వడ్రంగుల జిగురు ఆరిన తరువాత కరగదు. నాలుగు బిళ్ళలు చేతిలోనే రెండు పొరలుగ చీలినవి. అంతటితో మానితిని.

సోదరీమణులారా! నేను చదివిన పుస్తకములలో కానుకల కథ లేకపోలేదు. నారదుడు తెచ్చిన యొక్క పారిజాతపుష్పమును శ్రీకృష్ణుడు దగ్గఱ నున్న రుక్మిణి కిచ్చుటయు, అది విని సత్యభామ యలుకమందిరము చేరుటయు, తుదకు చెట్టునే పెకలించి తేవలసివచ్చుటయు మనకందఱకును కంఠపాఠమే. నంది తిమ్మన కావ్యమును తాతగారు నాకు చెప్పునప్పుడు, స్వామి చేసిన తప్పేమని యడిగితిని. “చేతిలో ఉన్నది, ఎదుట ఉన్నవారికి ఇచ్చాడమ్మా” యని వారనిరి. నేను చేసినదియు నదియే. నా కన్నుల కందమైనదేదో, నా చేతికి అలవాటైన పనియేదో, దానిని పట్టుకొనిపోయి ఆయన కిచ్చితిని. ఆయన వైపునుండి చూడనే లేదు. కుచేలు డట్లు చేయలేదు. ద్వారకలో లేని దేదో కొనిపోదామని యప్పుచేయలేదు. తన చిన్ననాటి నేస్తము అటుకులు తినునని యెఱిగి యుండెను.

రెండేండ్లు గడచినవి. నా పుట్టినరోజున మావారు రంగుకాగితము చుట్టిన బరువైన పొట్లము తెచ్చి యిచ్చిరి. విప్పిచూడగా, నున్నని కాగితముపై పుటపుటకు రంగుబొమ్మలతో, భారతమును పిల్లలకొఱకు సులభవచనమున సంగ్రహించిన పుస్తకము. వెల రెండువేల పైచిలుకు. తిక్కనసోమయాజి పద్యము ప్రతిదినమును చదువుకొను నాకు! ఆయన ముఖము చూచితిని. ఎంత యాశతో చూచుచున్నారో. పుటలన్నియు త్రిప్పితిని. త్రిప్పి మూసి, “చాలా బాగుంది. చాలా శ్రమపడ్డారు” అంటిని.

ఆయన యొక్కక్షణము నావైపు చూచిరి. తరువాత ఇద్దఱకును నవ్వు ఆగినది కాదు. మా యత్తగారు పూజ మధ్యలో లేచి వచ్చి యేమి జరిగినదని యడిగిరి. రెండేండ్లుగా మా నడుమ అటకపై నుండిపోయిన డబ్బా ఆ దినమున దిగినది.

నవ్వు చల్లారిన పిమ్మట ఆయన, “అయితే నీకేం కావాలో చెప్పు” అనిరి. నేను వెనుకముం దాలోచింపక, “సూర్యరాయాంధ్ర నిఘంటువు” అంటిని. 1936 మొదలు సంపుటములుగా వెలువడిన యా నిఘంటువు మా తాతగారియొద్ద కొంత గలదు. నడుమ నొక సంపుటము లేదు. ఎవరో యెరువు తీసికొనిపోయి తిరిగి యీయలేదు. ఆ సంపుటమునకు చెందిన యక్షరములతో మొదలగు పదము వచ్చినప్పుడెల్ల తాతగారు ఆ మనిషిని తలచుకొనెడివారు, దీవించుటకు గాదు. మావారు ఏడాదికి పైగా వెదకిరి. విజయవాడలో పాతపుస్తకముల దుకాణములు, హైదరాబాదున ఆదివారములందు ఆబిడ్సు కాలిబాటపై పఱచెడి పుస్తకముల కుప్పలు, పని యున్నను లేకున్నను చూచి వచ్చిరి. తుదకు తెచ్చిరి. అట్ట లేదు, ఒక మూల పురుగు తినివైచినది, మొదటిపుటపై ఎవరిదో సంతకము. నాకు వచ్చిన కానుకలలో అంత యందమైన దింకొకటి లేదు. రంగుబొమ్మల భారతము మా యమ్మాయి పాలైనది. దానికి అది మిక్కిలి యిష్టము.

అప్పటినుండి నేనొక పద్ధతి పెట్టుకొంటిని. ఒకవిషయమున శ్రద్ధ గలవారికి ఆ విషయపు బొమ్మ నీయను. వారికేది కొఱతయో దానిని కనిపెట్టుదును. ఇది నేర్పినది మా యత్తగారి వీణ.

అత్తగారు చిన్ననాటినుండియు వీణ వాయింతురు. తెల్లవాఱుజామున ఒక గంట వాయించినగాని వంటయింటిలోనికి రారు. ఆమెకు వీణ యిష్టమని బంధుకోటి కంతకును తెలియును. కావున గృహప్రవేశమైనను పెండ్లియైనను ఆమెకు వచ్చు కానుక వీణయే: చందనపుకఱ్ఱ వీణ, ఇత్తడి వీణ, గాజుపెట్టెలోని వీణ, గడియారము పొదిగిన వీణ. నేను లెక్కించితిని, పదునొకండు! బొబ్బిలి చిన్నవీణలు నిజముగ ముచ్చటైనవి, కాదనను. కాని పదునొకండు వీణలకును దుమ్ము తుడుచు భారము వీణ వాయించునామెపైననే పడినది.

2016 ప్రాంతమున అత్తగారు వాయించుట క్రమముగా తగ్గించిరి. పిదప మానిరి. వయసు మీదపడిన దనియు, వ్రేళ్ళ నొప్పులనియు మే మనుకొంటిమి. ఒకనాడు నేను వీణ తుడుచుచు మెట్టు నొకదానిని తాకగా నది కదలినది. వీణపై మెట్లు ఇరువదినాలుగు. అవి మేకులతో బిగించినవి కావు. మైనముతో చేసిన గట్టుపై నాటినవి. ఎండలు ముదిరిన యిండ్లలో కాలక్రమమున మైనము మెత్తబడి మెట్టు వెండ్రుకవాసి ప్రక్కకు జరుగును. మనకు కనబడదు, స్వరము మాత్రము తప్పును. ఆమె చెవికి అపస్వరము ముల్లువలె గ్రుచ్చుకొనుచుండగా వాయింపలేక మానిరి. మెట్లు సరిచేయించుటకు సొమ్మగునని, కొడుకు జీతగాడని, నోరు తెఱచి యడుగలేదు. మేము మాత్రము ఆ రెండేండ్లలోనే ఇంకొక ఇత్తడివీణ బహూకరించితిమి!

నూజివీడు వీణలు చేయువారికి పేరుపడిన యూరు. మావారు అచటినుండి పనివానిని పిలిపించిరి. అతడు పాతమైనము తీసివైచి, క్రొత్తది కాచి పోసి, ఒక్కొక్క మెట్టును తీగె మీటి వినుచు నిలిపెను. రెండుదినములు పట్టినది. తీగెలు తెచ్చు పని నేను తీసికొంటిని. వీణకు తీగెలు ఏడు, వాయించునవి నాలుగు, తాళమునకు మూడు. ఒకదాని లావు ఇంకొకదానికి లేదు. నాకు సంగీతము రాదు. అందుచేత తెగిన పాతతీగెల ముక్కలను కాగితములో చుట్టుకొనిపోయి దుకాణదారునకు చూపి, “సరిగ్గా ఇవే కావాలి” యంటిని. రవికెగుడ్డకు జోడు వెదకునపుడు మనము చీర చెంగు పట్టుకొనిపోమా? అట్లే. అత్తగారి షష్టిపూర్తికి మే మిచ్చిన కానుక ఇంతియే. కాగితము చుట్టి కట్టుటకైన వీలులేని కానుక. మఱునాటి తెల్లవాఱుజామున నేను పొయ్యి వెలిగించితినే గాని కాఫీ కాచుట మఱచితిని.

మా పొరుగున నొక పిన్నిగారు కలరు. ఆమెకు మొక్కల పిచ్చి. ఇంటిముందు అరసెంటు నేల. అందులో లేని దిలేదు. ఆమె మనుమడు కడియపు తోటలనుండి ఖరీదైన గులాబీమొక్క తెచ్చి యిచ్చెను. ఎప్పుడు? మేనెలలో! గొడుగు పట్టి, గోనె తడిపి చుట్టి, పసిబిడ్డను సాకినట్లు సాకినను అది పదునైదు దినములకు మించి బ్రదుకలేదు. మొక్క పోయినందుకు గాక, “అమ్మమ్మా, మొక్క ఎలా ఉంది?” యని వాడు ఫోనులో నడిగినప్పుడెల్ల అబద్ధమాడవలసి వచ్చినందుకు పిన్నిగారు కుమిలిపోయిరి. నేనామెకు మా పుట్టినింటి చిక్కుడువిత్తులు, పాదుచిక్కుడువి, ఆషాఢమున ఇచ్చితిని. ఈ చిక్కుడు పగలు తగ్గి చలి మొదలైనగాని పూవు పట్టదు. ముందుగా నాటిన ఆకు తప్ప కాయ కానరాదు. మఱుసంవత్సరము బాగుగ మాగిన పశువులయెరువు ఒక బస్తా పంపితిని. పుట్టినరోజునకు పేడయెరువా యని మా తోడికోడలు ముక్కుపై వ్రేలు వేసికొన్నది. పిన్నిగారు ఆ బస్తామూతి విప్పి, పిడికెడు తీసి, నలిపి, వాసనచూచి, “ఎంత బాగా మాగిందే తల్లీ!” యనిరి. పట్టుచీర చేతబెట్టినను ఆమె ముఖ మట్లు వెలుగదని నా నమ్మకము.

బొమ్మలకొలువు పెట్టువారికి వినాయకుడు, కృష్ణుడు కుప్పలుతెప్పలుగా వచ్చి చేరుచుందురు. అడిగిచూచిన, దశావతారములలో వరాహస్వామి క్రిందపడి పగిలెననియు, తొమ్మిదింటితోనే నెట్టుకొని వచ్చుచున్నామనియు చెప్పుదురు. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయువారి యిండ్లకే పోయి యడిగినచో, మన జట్టు కొలతకు తగిన యొక్కబొమ్మను చేసియిచ్చువారు లేకపోరు. పాతజట్టులో నొక బొమ్మను వెంట తీసికొనిపోవుట మఱువరాదు.

ఇంకొక సంగతి చెప్పకుండలేను, తల్లులకు పనికివచ్చును. మా యెఱిగిన యింట ఒక కుఱ్ఱవాడు పాతనాణెములు కూర్చుకొనుచుండెను. తల్లి దీపావళికి వాని సంతోషముకొఱకు కాలణాలు, అర్ధణాలు అన్నిటిని చింతపండు పెట్టి తోమి తళతళలాడించి పళ్ళెరములో పోసి యిచ్చినది. శుక్రవారము శుక్రవారము రాగిచెంబులు తోముకొను మనకు అది ప్రేమయే. కాని శతాబ్దముగా నాణెముపై పేరుకొన్న నల్లనిపొర పోయినచో ఎఱిగినవారు దానిని ముట్టరట. వాడు మూడుదినములు అన్నము తినలేదు. ఆమె నాయొద్దకు వచ్చి చెప్పుకొని యేడ్చినది. నేనామెను బీరువాయొద్దకు తీసికొనిపోయి ఎఱ్ఱని పుస్తకము చూపితిని. మాటలతో నోదార్చుటకన్న నదియే మేలైనది.

ఏమి కొఱతయో తెలియక పోయినచో నడుగవచ్చునా యని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. అడుగవచ్చును, నేనైతే సూటిగా అడుగను. “మీ కేమి కావలెను?” అన్నచో మర్యాదస్థులు “ఏమీ వద్దు” అందురు. “ఇందులో మీకింకను దొరకని దేది?” యని యడిగి చూడుడు, గంటసేపు చెప్పుదురు. ఎన్నడును వట్టిచేతులతో రాను. అంతకును తెలియనిచో, వాడగా వాడగా తఱుగునట్టి దానినే యిచ్చుట క్షేమము: చిత్రములు వ్రాయువారికి వారు వాడెడి రంగులే, అల్లువారికి వారల్లుచున్న నూలే, బిళ్ళలవారికి అద్దుడుకాగితములు, పారదర్శకపు సంచులు. తపాలాశాఖలో వారి పేర ఖాతా తెఱచి కొంతసొమ్ము జమచేసినచో క్రొత్తగా వెలువడు బిళ్ళలు ఇంటికే వచ్చుచుండును; ఆ యేర్పాటు నేను చేసితిని. కాని వారి ప్రాణముతో సమానమైన దానిని, వీణనో, కుంచెనో, మనము కొని తెచ్చుట సాహసము. అది వారు చేతబట్టి చూచి యెంచుకొనవలసినది. సంబంధము కుదుర్చుట వంటిది.

2019లో మా తాతగారు కాలము చేసిరి. కర్మలు ముగిసిన పిమ్మట వారి భోషాణము తెఱువగా, తాళపత్రముల గుడ్డమూట యడుగున ఉత్తరముల కట్ట యొకటి కనబడినది. పండితమిత్రులు సమస్యాపూరణములు వ్రాసి పంపినవి, పంచాంగమునుగూర్చి తగవులాడుకొన్నవి, సంభావనలు ముట్టిన వనియు ముట్టలే దనియు వ్రాసినవి. కొన్ని 1950కి ముందరివి. మామయ్య, “బిళ్ళలు మాత్రం కత్తిరించి తీసుకుపోవే, అల్లుడికిష్టం గదా” యని చెప్పినాడు. చెప్పి కత్తెరకూడ చేతికిచ్చినాడు. నేను కత్తెర ముట్టక, కట్ట విప్పక, దుమ్ము దులుపక, ఉన్నది యున్నట్లు క్రొత్తగుడ్డలో చుట్టుకొని తెచ్చితిని.

ఆ రాత్రి మావారు దీపము దగ్గఱకు జరుపుకొని కట్ట విప్పిరి. ఒక కవరుపై గాంధీబిళ్ళ కనబడినది. అంచులన్నియు చెక్కుచెదరక యున్నవి. నా గుండె యొక్కసారి కొట్టుకొన్నది. ఆయన దానిని చూచి తల యూపి ప్రక్కకు పెట్టి, చినిగిన పోస్టుకార్డు నొకదానిని పట్టుకొని చాలసేపు విడువలేదు. ఏమిటని యడిగితిని. కృష్ణయొడ్డున ఎన్నడో వరదలో కొట్టుకొనిపోయిన యొక చిన్నయూరి తపాలాముద్ర దానిపై స్పష్టముగ పడినదట. ముద్ర సగము పడినవి చూచిరి గాని నిండుగా పడినది చూడలేదట. ఆ సంగతి నాకెన్నడును చెప్పియుండలేదు. నేనును అడిగియుండలేదు.

“ఆ గాంధీగారి నేం చేస్తారు? పాతది తీసి ఇది పెడతారా?” అంటిని. “అది అక్కడే ఉండనీ. అది తాతగారిచ్చింది, పైగా నువ్వంటించింది” అని, తల యెత్తకయే ఇంకొక కార్డు తీసిరి. గిన్నెలో గోరువెచ్చని నీరు తెచ్చి ప్రక్కన పెట్టితిని. వల దనిరి, దేనిని నానవేయరట, కవర్లన్నియు నున్నవి యున్నట్లే యుంచెదరట. గిన్నె తీసికొని, బల్లపై నున్న కత్తెరకూడ తీసికొని, నేను లోపలికి పోతిని.